బిళ్ల లేని మనిషి

నవంబరు 4

అక్కా,

నేను ఉద్యోగం పోగొట్టుకోలేదు. వదిలేశాను. ఈ రెండింటికీ తేడా ఉందని మన ఇంట్లో ఒక్కరికి అర్థమైనా ఈ ఉత్తరం ఇంత కోపంగా మొదలయ్యేది కాదు.

అమ్మ ఉత్తరం అందింది. "పోయినదాని గురించి బెంగపెట్టుకోకు" అని మూడుసార్లు రాసింది. మూడేళ్లు కిటికీ లేని గదిలో కూర్చుని ఎవరో రాసిన పుస్తకాలకు తప్పులు దిద్దాను. ఇక చాలనిపించి లేచి వచ్చేశాను. దానికి మీరంతా కూర్చుని ఒక విషాదగాథ అల్లారు. పక్కింటి టీచరమ్మ కూడా ఉత్తరం అంచున "ధైర్యంగా ఉండు తల్లీ" అని ఒక వాక్యం ఇరికించింది. నా సైకిలు ఊరికే వచ్చినందుకు కృతజ్ఞత కాబోలు. నాన్న మామూలుగానే ఒక్క ముక్కా రాయలేదు. ఆయనకు నోటితో పని తక్కువ, హారన్‌తోనే ఎక్కువ అని నువ్వే అనేదానివి.

నేను దిగులు తీర్చుకోవడానికి సముద్రం ఒడ్డుకు రాలేదక్కా. పనికి వచ్చాను. ఆ పనేమిటో వింటావా?

ఈ పార్కంతా ఇసుక తిన్నెలే. గేటు దగ్గర నుంచి చివరి తిన్నె దాకా నాలుగు కిలోమీటర్ల కాలిబాట. బాట అంటే ఇసుకలో బాట ఏముంటుంది, ఇరవై ఆరు గుంజలు పాతి ఉంటాయి, తలకు తెల్లరంగు. ఒక గుంజ నుంచి ఇంకోటి కనిపిస్తుంది. అలా చూసుకుంటూ పోవాలి. రోజూ పొద్దున్నే నేను ఆ ఇరవై ఆరింటినీ పలకరించి, ఏ గుంజ దగ్గర ఇసుక ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో కొలకర్రతో కొలిచి రిజిస్టరులో రాయాలి. గాలికి వాలిన గుంజను నిలబెట్టాలి. చివరి గుంజ దాటితే ఒక పాయ సముద్రంలో కలుస్తుంది. ఆటు వేళ అక్కడి నేల నున్నగా, గట్టిగా కనిపిస్తుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. పోటు మొదలైందంటే నీళ్లు ముందు నుంచి రావు, వెనక నుంచి చుట్టుకుని వస్తాయి.

అందుకే ఇక్కడ బిళ్లల పద్ధతి. గేటు గదిలో ఒక చెక్క, దానికి నలభై మేకులు, నలభై రేకు బిళ్లలు. లోపలికి వెళ్లేవాళ్లు ఒక బిళ్ల తీసుకెళ్లాలి, తిరిగొచ్చి తగిలించాలి. సాయంత్రం ఒక్క మేకు ఖాళీగా ఉన్నా మా అధికారి తాడు భుజాన వేసుకుని బయల్దేరతాడు. ఆయనకు నేను రూళ్లకర్ర అని పేరు పెట్టుకున్నాను. మనిషీ అలాగే ఉంటాడు, మాటా అలాగే ఉంటుంది. ఇప్పుడు జనం వచ్చే కాలం కాదు. ఆదివారం ఒకటి రెండు కుటుంబాలు వస్తాయి, మిగతా రోజుల్లో నేనూ గాలీ.

ఫోను పలకదు. సామాన్ల వ్యాన్ బుధవారం, శనివారం వస్తుంది. అదే మన పోస్టు.

ఒక చిన్న విషయం. నిన్న తిరిగి వస్తుంటే నా బూటు ముద్రల పక్కన ఇంకెవరివో అడుగులు కనిపించాయి, చెప్పుల్లేనివి. బిళ్లలు చూస్తే అన్నీ ఉన్నాయి. పెద్ద సంగతేం కాదులే. రాయాలనిపించింది, రాశాను.

నీ
బొంగరం


నవంబరు 6

బొంగరానికి,

కొలతలు రాసుకునే కాగితం వెనక రాస్తున్నాను. ముందువైపు కనిపించే నడుము కొలత నాది కాదు, నవ్వకు.

స్కూలు యూనిఫాముల ఆర్డరు పడింది, నూట ఇరవై జతలు. బావ బొత్తాలు కుడతానని కూర్చున్నాడు. ఆయన కుట్టిన బొత్తాలు పెట్టుకుంటే పిల్లలు ప్రార్థనలో నిలబడేలోపే రాలిపోతాయి. "నేనున్నాగా" అంటాడు. ఉన్నాడు, అదే నా బాధ.

నీ కోపం నాకు అర్థమైంది. కానీ అమ్మ సంగతి నువ్వూ అర్థం చేసుకో. నువ్వు వెళ్లాక నీ బీరువా తెరిచి చూసింది. ఒక్క రుమాలు కూడా లేదట. పుస్తకాలన్నీ గ్రంథాలయానికి, చలికోటు టీచరమ్మ చెల్లెలికి, గడియారం నాకు, సైకిలు టీచరమ్మకు. అమ్మ ఆ ఖాళీ అరల ముందు చాలాసేపు కూర్చుంది. అంత ఊడ్చిపెట్టినట్టు ఎవరిస్తారే?

నాన్న ఊళ్లో లేడు. కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇమ్మని బస్సు డిపోవాళ్లు మళ్లీ పిలిచారు. నెల రోజుల పని.

అడుగులంటావా, సముద్రం ఒడ్డున అడుగులు కాక ఇంకేముంటాయి? గోరంతను కొండంత చేయకు. రోజూ రెండు పూటలా తిను. చీకటి పడకముందే లోపలికి రా. నీళ్ల దగ్గరికి వెళ్లకు.

అక్క


నవంబరు 11

అక్కా,

నాన్నకు మళ్లీ స్టీరింగు దొరికిందంటే సంతోషంగా ఉంది. పాపం ఆ కొత్త డ్రైవర్లు. నాన్న పక్కన కూర్చుంటే నాకు క్లచ్చు ఏదో బ్రేకు ఏదో మర్చిపోయినట్టు ఉండేది.

నేను వస్తువులు ఇచ్చేసింది ఇక్కడ గది ఎనిమిదడుగులే కాబట్టి. అందులో మంచం, బల్ల, నేను. దానికి అమ్మ ఖాళీ అరల ముందు కూర్చోవడమేమిటి?

ఆ సంగతి వదిలెయ్. ఇప్పుడు చెప్పేది నవ్వకుండా చదువు.

ఆ అడుగులు రోజూ వస్తున్నాయి. నేను వెళ్లేటప్పుడు ఉండవు. తిరిగొచ్చేటప్పుడు ఉంటాయి. నా బూటు ముద్రల మీదే ఒకటి రెండు చోట్ల పడ్డాయి. అంటే నా తర్వాత, నా వెనక నడిచాడు. ఏడో గుంజ దగ్గర నేను ఆగి కొలిచిన రోజున, ఆరో గుంజ దగ్గర అతను కూడా ఆగాడు. ఇసుక అక్కడ తొక్కుడుపడి ఉంది. నేను తిరిగానంటే తిన్నె చాటుకు పోతాడు. ఆరుసార్లు తిరిగి చూశాను. గడ్డి ఊగుతోంది, అంతే. గాలికి కూడా ఊగుతుంది కదా అంటావు. గాలికి గడ్డంతా ఊగుతుంది. ఇది ఒక్కచోటే ఊగింది.

మగవాడి పాదం. ఎడమది తిన్నగా పడుతుంది. కుడిది బాగా బయటికి తిరిగి, మడమ లోతుగా దిగి ఉంటుంది. చిటికెన వేలు ఇసుకను తాకనే తాకదు. కొలకర్రతో కొలిచాను కూడా. మనిషిని చూడకుండానే పాదం ఒకటి నాకు కంఠతా వచ్చేసింది. కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోంది.

నిన్న నా గదికి ఎదురుగా ఉన్న తిన్నె ఎక్కాను. పైన గడ్డి అణిగి ఉంది, మనిషి కూర్చున్నంత మేర. నేనూ అక్కడ కూర్చుని చూశాను. అక్కడి నుంచి నా తలుపు, కిటికీ, తాడు మీద ఆరేసిన నా బట్టలు అన్నీ కనిపిస్తాయి. అప్పుడే దిగి వెళ్లి ఆ బట్టలు లోపల వేసుకున్నాను.

రూళ్లకర్రకు చెప్పాను. ఆయన బిళ్లల చెక్క చూపించాడు.

"నలభై ఉన్నాయి. లెక్కపెట్టుకో."

"బిళ్ల తీసుకోకుండా కంచె సందులోంచి వస్తే?"

"అలా రాకూడదు."

"రాకూడదు సరే, వస్తే?"

"బిళ్ల లేదంటే మనిషి లేడు" అన్నాడు. వేలితో కళ్లద్దాలు పైకి తోసుకుని మళ్లీ రిజిస్టరులో తల పెట్టాడు.

తలుపుకు గడియ సరిగ్గా పడదు. కొలకర్ర అడ్డం పెట్టి పడుకుంటున్నాను. నాకు భయంగా ఉందక్కా. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయలేను. అమ్మకు చెప్పకు.

బొంగరం


నవంబరు 13

బొంగరానికి,

భయపడకు. నీకేం కాదు. నాది పూచీ.

అంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు. ఒక్కదానివే ఉంటే తాడు పాములా కనిపిస్తుంది. ఎవరో పెద్దమనిషి పొద్దున్నే నడకకు వస్తుంటాడు. డాక్టర్లు అందరినీ నడవమంటున్నారు కదా. ఆయన దారిన ఆయన్ని పోనీ. వెంటపడకు, వెనక్కి తిరిగి కేకలు వేయకు. నీ పని నువ్వు చేసుకో.

అసలు ఇంటికి వచ్చేస్తే ఏ గొడవా ఉండదు. దుకాణంలో కూర్చో, ఆర్డర్లు రాసుకో, నాకు తోడుగా ఉంటావు. ఆలోచించు.

బొత్తాల విషయంలో నేను చెప్పినట్టే అయింది. పదిహేను జతలు వెనక్కి వచ్చాయి.

పొద్దున నువ్వు లేవగానే మనసెలా ఉంటోంది? నిజం రాయి.

అక్క


నవంబరు 18, పొద్దున

అక్కా,

నీ పూచీ ఎవరికి కావాలి? నువ్వు కుట్టుమిషను ముందు కూర్చుని, వంద మైళ్ల అవతల గడ్డి చాటున ఉన్న మనిషికి పూచీ పడతావా? నేను అడిగింది అడుగుల గురించి. నువ్వు అడిగేది నా మనసు గురించి. చిన్నప్పుడు కుక్క వెంటపడిందని పరుగెత్తుకొస్తే "ముందు ముక్కు తుడుచుకో" అన్నావు, గుర్తుందా? ఇప్పుడూ అదే.

శనివారం నుంచి నేను సరిగా నిద్రపోలేదు. ఆదివారం పిల్లల్ని తీసుకుని ఒక కుటుంబం వచ్చింది. వాళ్లను చూస్తే ఏడుపొచ్చినంత పనైంది, మనుషులు కదా అని. వాళ్లు వెళ్లిపోయిన అరగంటకు తిన్నె అవతల ఎవరో దగ్గారు. ఒక్కసారే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. నేను కొలకర్ర పట్టుకుని గది దాకా పరుగెత్తాను. వెళ్లి తలుపు వేసుకుని కూర్చున్నాక సిగ్గేసింది. నేను కోరి వచ్చిన చోటు ఇది. నాలుగు కిలోమీటర్ల ఇసుక, దాని మీద నా ఒక్కదాని అడుగులు. అది నాకెంత ఇష్టమో మీకెవరికీ చెప్పలేదు. దాన్ని ముక్కూ మొహం తెలియని పాదం ఒకటి లాగేసుకుంటోంది.

కాబట్టి ఒక పని చేస్తున్నాను. నువ్వు ఆపలేవు కాబట్టి చెబుతున్నాను.

ఈ సాయంత్రం చివరి మూడు గుంజలూ పీకి పాయ వైపు మార్చి పాతుతాను. పొద్దున పూట పొగమంచు దట్టంగా ఉంటోంది, గుంజ తప్ప ఇంకేం కనిపించదు. రేపు నేను ఆ గుంజల వెంటే నీళ్ల అంచు దాకా నడిచి, అడుగుల జాడ వదిలి, నీళ్లలోనే పక్కకు నడుచుకుంటూ గడ్డి ఉన్న తిన్నె మీదికి ఎక్కేస్తాను. గడ్డి మీద జాడ పడదు. అతను నా జాడ పట్టుకుని బురదలోకి వస్తాడు. చావడు, మోకాలి దాకా దిగబడతాడు. అప్పుడు ఈల వేస్తాను. రూళ్లకర్ర తాడుతో వస్తాడు. బిళ్ల లేని మనిషి ఉన్నాడో లేడో ఆయనే చూస్తాడు. నేనూ ముఖం చూస్తాను. ముఖం చూస్తే చాలు, సగం భయం పోతుంది.

ఆటుపోట్ల పట్టిక చూసుకున్నాను. ఆరున్నరకు పోటు అప్పుడే మొదలవుతుంది, పెద్దగా నీళ్లుండవు.

వ్యాన్ హారన్ వినిపిస్తోంది. ఉంటాను.

బొంగరం


నవంబరు 20, మధ్యాహ్నం

చెల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. "రేపు" అని రాశావు. ఆ రేపు నిన్ననే అయిపోయింది. తొందరలో రాస్తున్నాను, రాత అర్థం కాకపోతే మళ్లీ చదువు.

ఆ అడుగులు నాన్నవి.

డిపో లేదు, శిక్షణ లేదు. నువ్వు వెళ్లిన వారానికే బయల్దేరాడు. వ్యాన్ ఆగే చోట సరుకుల కొట్టు మీద గది తీసుకున్నాడు, పక్షులు చూడటానికి వచ్చానని చెప్పి. ఆ కుడి పాదం ముప్పై నాలుగేళ్లు యాక్సిలరేటర్ మీద ఉన్న పాదం. నువ్వు రాయగానే పోల్చుకున్నాను. ఆ చిటికెన వేలు చెప్పు అంచుకు ఒరుసుకుపోకుండా గుడ్డ మెత్త కుట్టి ఇచ్చింది నేనే. నీకెలా తెలుస్తుంది, మన ఇంట్లో నేల సిమెంటు, నాన్న ఇంట్లో ఉన్న వేళల్లో నువ్వు కాలేజీలో.

ఎందుకు వచ్చాడో కూడా చెబుతాను. నీ బీరువా ఖాళీగా చూసి అమ్మ ఒక మాట అంది. ఆ మాట నేను రాయను, నువ్వు ఊహించుకో. అన్నీ పంచిపెట్టి, ఉద్యోగం లేక, ఒంటరిగా నీళ్ల ఒడ్డుకు వెళ్లింది అంటే ఏమనుకుంటాం? నాన్న మాట్లాడకుండా సంచి సర్దుకున్నాడు. "దానికి తెలిస్తే ఇంకా దూరం పోతుంది, చెప్పొద్దు" అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. నువ్వు భయంగా ఉందని రాసినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. ఒట్టు గుర్తొచ్చింది. "నాది పూచీ" అని మాత్రం రాశాను.

నాన్నకు ఈత రాదు.

మీ పెద్దాఫీసుకు ఫోన్ చేశాను. రాతపూర్వకంగా పంపమన్నారు. నాన్న ఫోను నిన్నటి నుంచి మోగడం లేదు. అక్కడ సిగ్నలు లేదనే అనుకుంటున్నాను. బావ ఈ ఉత్తరం పట్టుకుని ఇప్పుడే బయల్దేరుతున్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు. కూరగాయలు తరుగుతోంది, నేను ఈ గదిలో రాస్తున్నాను.

ఏదైనా సరే, నిజం రాయి.

అక్క


నవంబరు 21

అక్కా,

నాన్న బతికే ఉన్నాడు. ముందు అది చదువుకో, తర్వాత మిగతాది.

బావ పొద్దున వచ్చి నీ ఉత్తరం ఇచ్చాడు. అందులో ఉన్నది నాకు గురువారమే తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

అనుకున్నట్టే చేశాను. నీళ్ల అంచు దాకా జాడ వేసి, పక్కకు వెళ్లి తిన్నె ఎక్కి గడ్డిలో పడుకున్నాను. పొగమంచులో పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. ఈల పళ్ల మధ్య పెట్టుకున్నాను. కాసేపటికి అడుగుల చప్పుడు. ఒకటి మెత్తగా, ఒకటి బరువుగా. చప్పుడు నా కిందుగా దాటి బురద వైపు పోయింది. అక్కడ ఆగింది.

నేను ఈల వేయబోయాను. అంతలో అతను పిలిచాడు. "బొంగరం" అని.

నన్ను అలా పిలిచేవాళ్లు భూమ్మీద ముగ్గురు. అందులో మగగొంతు ఒక్కటే. నాకు వెంటనే తెలియలేదంటే నమ్ముతావా? మొదటి పిలుపుకు తెలియలేదు, నాన్న అంత గట్టిగా అరవగా నేనెప్పుడూ వినలేదు. రెండో పిలుపుకు తెలిసింది. అప్పటికే నీళ్లు చెదిరిన చప్పుడు. ఆయన ముందు నా జాడ ఉంది, నీళ్లలోకి పోయి ఆగిపోయిన జాడ. తిరిగి వచ్చిన ముద్ర ఒక్కటీ లేదు. దాన్ని అలా వేసింది నేనే. రెండు వారాలుగా ఆయన దేనికి భయపడి నా వెనక నడిచాడో, అచ్చంగా దాన్నే ఇసుక మీద గీసి ఆయనకు చూపించాను.

బురద దగ్గర ఆగుతాడని లెక్క వేశాను. దొంగైతే ఆగేవాడు. నాన్న ఆగలేదు.

నేను పట్టుకునేసరికి నడుము దాకా దిగబడి ఉన్నాడు, నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. వెనక నుంచి వచ్చాయి. నన్ను చూసి కూడా పిలవడం ఆపలేదు. నేను ముందే ఉన్నా నాన్న కళ్లు నీళ్ల మీదే ఉన్నాయి. కొలకర్ర ఆయన చంకల కింద అడ్డం పెట్టి ఈల వేశాను. ఎన్నిసార్లు వేశానో తెలియదు. రూళ్లకర్ర తాడుతో వచ్చాడు. ఆయన పరుగెత్తగలడని అప్పుడే తెలిసింది. ఇద్దరం లాగుతుంటే నీళ్లు నాన్న గడ్డం దాకా వచ్చాయి. ఒకసారి నోట్లోకి కూడా పోయాయి. ఆ క్షణంలో నేనేం అనుకున్నానో నీకు రాయను. ఎవరికీ రాయను.

కుడి మోకాలు బెణికింది. వైద్యుడు వచ్చి చూశాడు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు. రెండు రోజులుగా నాన్న నా మంచం మీద, నేను నేల మీద.

మొదటి రోజంతా ఏం మాట్లాడలేదు. సాయంత్రం గోడ వైపు తిరిగి అడిగాడు.

"సైకిలు ఎందుకిచ్చేశావు?"

"ఇసుకలో సైకిలు నడవదు నాన్నా."

నాన్న ఇటు తిరిగాడు. "అంతేనా?"

"అంతే."

"ముందే అడగాల్సింది" అన్నాడు. తర్వాత, "నువ్వూ వెనక్కి తిరిగి ఎవర్రా అని అడగాల్సింది" అన్నాడు. మన ఇంట్లో అడిగే అలవాటు ఎవరికుంది కనుక? అన్నీ ఊహించుకోవడమే. బీరువా చూసి ఒకరు, పాదం చూసి ఒకరు.

నాకు కోపం పోలేదక్కా. నీ మీద కూడా. భయంగా ఉందని నీకు ఒక్కదానికే రాశాను. నువ్వు ఒట్టు నిలబెట్టుకున్నావు. నాన్న ప్రాణం ఆ రెండింటి మధ్య ఉండిపోయింది. నేను గుంజలు కదిలించిన మాట కూడా అంతే నిజం. అది నువ్వు చేయించలేదు.

రిజిస్టరులో నా చేత్తోనే రాశాను. "ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు గుంజలు పాయ వైపు మార్చింది నేను. ఒక మనిషి మునగబోయాడు." రూళ్లకర్ర చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గుంజలు కదిలించినవాళ్లకు ఇక్కడ పని ఉండదని నిబంధన ఉందట. పెద్దాఫీసుకు పంపుతానన్నాడు, జవాబుకు రెండు వారాలు పడుతుందన్నాడు. తర్వాత చెక్క మీద నుంచి ఏడో నంబరు బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. "ఆయనకివ్వు. ఇన్నాళ్లూ తీసుకోలేదు" అన్నాడు.

గుంజలు నిన్ననే పాత చోట పాతాను. పాతుతున్నంతసేపూ వెనక్కి చూస్తూనే ఉన్నాను. వెనక ఎవరూ లేరని తెలిసి కూడా. ఆ భయం ఇంకా పోలేదు, ఎన్నాళ్లకు పోతుందో తెలియదు. ఇవాళ నా జాడ ఒక్కటే ఉంది. దాన్ని చూసినా గుండె జారింది.

నాన్న బావతో ఈ వ్యాన్‌లోనే వస్తున్నాడు. నువ్వూ మా వెంట రా అని ఆయన అనలేదు. బావ అన్నాడు, అమ్మ మాటగా, నీ మాటగా. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏడో బిళ్ల ఆయన చొక్కా జేబులో ఉంది. తిరిగి తగిలించలేదు, నేను అడగలేదు.

పెద్దాఫీసు ఉండమంటే ఇక్కడే ఉంటాను. వెళ్లమంటే ఇంకో తీరంలో ఇలాంటి పనే అడుగుతాను. ఇంటికి రాను.

చెల్లి